1817లో బొంబాయిలో కట్టిన యుద్ధనౌక ఇంకా నీళ్ళ మీదే ఉంది! ట్రింకోమలీ గురించి తెలిసినవాళ్ళు రండి

టీసైడ్_తెలుగోడు
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ అనే రేవు ఊరుంది. మేముండేది ఆ చుట్టుపక్కలే. అక్కడి డాకులో ట్రింకోమలీ అనే తెరచాపల యుద్ధనౌకను మ్యూజియంగా ఉంచారు. కట్టింది మన బొంబాయిలో, 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దింపారు. కట్టిన మేస్త్రీ జంషెడ్జీ బొమన్జీ వాడియా అనే పార్సీ. నీటి మీద తేలుతూ ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఇదే అన్నిటికంటే పాతదట. విక్టరీ అనే ఇంకో యుద్ధనౌక 1765 నాటిదే కానీ అది 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో డ్రై డాకులో ఉంది, నీళ్ళలో లేదు.

నావి మూడు సందేహాలు. ఇంగ్లండ్ నేవీకి సొంత డాక్‌యార్డులు అన్ని ఉండగా బొంబాయి దాకా ఎందుకు వచ్చారు? ఇన్నేళ్ళు చెక్క కుళ్ళకుండా ఎలా నిలిచింది? ఇంజను లేకుండా, ఎదురుగాలిలో ఇంత పెద్ద ఓడను ఎలా నడిపేవారు? వికీపీడియా లింకులు వద్దు బాబూ, తెలిసినవాళ్ళు నాలుగు మాటలు రాయండి.

చరిత్ర_టీచరమ్మ
మొదటిదానికి నేను చెబుతాను.

నెపోలియన్‌తో యుద్ధాలు నడిచిన రోజుల్లో ఇంగ్లండ్‌కి ఓక్ కలప కొరత బాగా ఉండేది. డెబ్బై నాలుగు ఫిరంగుల ఓడ ఒకటి కట్టాలంటే వేల ఓక్ చెట్లు పడాలి. అదీ మామూలు దుంగలు కాదు, ఓడ పక్కటెముకలకీ, డెక్కును పట్టి ఉంచే మూల కొయ్యలకీ సహజంగా వంగి పెరిగిన కొమ్మలు కావాలి. అలాంటి చెట్టు పెరగడానికి వందేళ్ళు పడుతుంది. యుద్ధం అంతకాలం ఆగదు కదా.

ఇక్కడేమో మలబారు అడవుల్లో టేకు ఉంది. బొంబాయిలో డ్రై డాకు 1750 నుంచే ఉంది, ఆసియాలో అదే మొదటిదంటారు. సూరత్ నుంచి లోవ్జీ నుస్సర్వాన్జీ వాడియా 1736లో బొంబాయి వచ్చాడు. ఆయన తర్వాత కొడుకులు, మనవలు అదే పని చేశారు. ముందు ఈస్టిండియా కంపెనీకి కట్టేవారు. 1805లో ఒక ఫ్రిగేటు, అంటే వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక, దింపారు, దానికే తర్వాత సాల్సెట్ అని పేరు మార్చారు. ఆ పని చూశాక నేవీకి ధైర్యం వచ్చింది. 1810లో మిండెన్, 1813లో కార్న్‌వాలిస్, 1815లో వెల్లెస్లీ, 1816లో ఆంఫిట్రైట్, 1817లో ట్రింకోమలీ, 1821లో గంజెస్, 1824లో ఏషియా. జంషెడ్జీ 1821లో పోయారు, తర్వాతివాళ్ళు కొనసాగించారు.

ఒక చిన్న విషయం. కీలు, అంటే ఓడ అడుగున తల నుంచి తోక దాకా వెళ్ళే దూలం, వేసేటప్పుడు పార్సీ ఆచారం ప్రకారం వెండి మేకు కొట్టేవారు. ట్రింకోమలీకి కూడా అలాగే చేశారు. మనం ఇంటికి శంకుస్థాపన చేసినట్టే అనుకోండి.

అనుమానాల_అప్పారావు
మేడమ్, మిండెన్ పేరు రాశారు కాబట్టి అడుగుతున్నా. అమెరికా జాతీయగీతం బొంబాయిలో కట్టిన ఆ మిండెన్ ఓడ మీదే రాశారని వాట్సాప్‌లో ప్రతి ఆగస్టు 15కీ ఒక మెసేజ్ తిరుగుతుంది. నిజమేనా, లేక అదీ "యునెస్కో ప్రకటించింది" బాపతేనా?

చరిత్ర_టీచరమ్మ
ఆ బాపతే. 1814 సెప్టెంబరు 13 రాత్రి బాల్టిమోర్ దగ్గర మెక్‌హెన్రీ కోట మీద బ్రిటిష్ ఓడలు బాంబులు వేస్తున్నప్పుడు ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఉన్నది ఒక అమెరికన్ ఓడలో. ఖైదీని విడిపించుకోవడానికి తెల్లజెండాతో వెళ్ళిన చిన్న ఓడ అది. మిండెన్ అప్పటికి ఇటు తూర్పు సముద్రాల్లో ఉంది, అమెరికా ఛాయలకే పోలేదు.

గొప్ప చెప్పుకోవడానికి అబద్ధం అక్కర్లేదండీ. 1842 ఆగస్టు 29న, నల్లమందు యుద్ధం ముగిస్తూ, చైనా చేత నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకం పెట్టించింది కార్న్‌వాలిస్ మీదే, అదీ బొంబాయి ఓడే. హాంకాంగ్ బ్రిటిష్ వాళ్ళ చేతికి వెళ్ళింది ఆ కాగితంతోనే. 1827లో గ్రీసు దగ్గర నవారినో యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ ఎక్కిన ఓడ ఏషియా, అదీ బొంబాయిదే. అయితే నల్లమందు యుద్ధం మన టేకు మీద జరిగిందని గర్వపడాలో లేదో మీరే ఆలోచించుకోండి.

పాత_సరంగు
మర్చంట్ నేవీలో రిటైరయ్యాను, ఉండేది విశాఖ. నేను చేసినవన్నీ ఇనుప ఓడలే, కానీ కాడెట్‌గా ఉన్నప్పుడు తెరచాపల ట్రైనింగ్ కొంత అయింది. రెండో ప్రశ్న ముందు తీసుకుంటా.

ఓక్‌లో టానిన్ ఆమ్లం ఎక్కువ. ఇనుప బోల్టు దిగగొడితే తడికి ఆ ఆమ్లం ఇనుమును తింటుంది, తుప్పు తిరిగి చెక్కను తింటుంది. కొన్నేళ్ళకి బోల్టు చుట్టూ నల్లగా మెత్తబడిపోయి, వేలితో పొడిస్తే రాలుతుంది. బయటికి ఓడ బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ఏదీ దేన్నీ పట్టుకుని ఉండదు. టేకు అలా కాదు. దానిలో నూనె ఉంటుంది. ఆ నూనె ఇనుమును కాపాడుతుంది, నీటిని లోపలికి రానివ్వదు, పురుగుకీ రుచించదు. అందుకే ఓక్ ఓడకి పది పదిహేనేళ్ళకే పెద్ద రిపేరు వచ్చేది, టేకు ఓడ ముప్పై నలభై ఏళ్ళు హాయిగా తిరిగేది.

ఇంకో శత్రువు ఓడపురుగు. వెచ్చటి సముద్రాల్లో చెక్కలోకి తొలుచుకుపోయి లోపలంతా జల్లెడ చేస్తుంది. దానికి మందు రాగి రేకులు. నీటి మట్టానికి కింద భాగమంతా రేకులు పరిచి మేకులు కొడతారు. రాగి ఉన్నచోట నాచు, గుల్లలు కూడా పట్టవు, దాంతో ఓడ వేగమూ తగ్గదు. కానీ ఉప్పునీటిలో రాగి పక్కన ఇనుము ఉంటే ఇనుము కరిగిపోతుంది. ఆ సంగతి దెబ్బలు తిని నేర్చుకున్నారు, తర్వాత నీటి కింద బోల్టులు కూడా రాగివే వాడారు.

టేకుకీ ఒక చెడ్డపేరు ఉండేది లెండి. ఫిరంగి గుండు తగిలితే లేచే పేళ్ళు ఒంట్లో దిగితే గాయం చీము పడుతుందని నావికులు దానికి భయపడేవారు. ఆనాటి సముద్ర యుద్ధంలో గుండు తగిలి పోయినవాళ్ళ కంటే చెక్క పేళ్ళకు పోయినవాళ్ళే ఎక్కువ.

తాళ్ళరేవు_తమ్ముడు
ఆయ్, సరంగు గారూ, నమస్కారమండి. మాది తాళ్ళరేవు పక్క. ఇప్పటికీ మా వైపు చెక్క బోట్లు కడుతున్నారండి, వేటకెళ్ళే బోట్లు. పలకకీ పలకకీ మధ్య సందులో పీచు, దూది ఉలితో కూరతారు. ఆ చప్పుడు బట్టే మేస్త్రీకి తెలిసిపోద్దండి, గట్టిగా కూరారా లేదా అని. బోలుగా వినపడితే మళ్ళీ తీయిస్తాడు. దాని మీద గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. మీరు చెప్పే పెద్ద ఓడలకీ ఇంతేనా?

పాత_సరంగు
పద్ధతి అదే తమ్ముడూ. వాళ్ళు పాత తాళ్ళను విప్పి, ఆ నార తారులో ముంచి కూరేవారు. పైన కాచిన తారు పోసేవారు. పాత తాళ్ళు విప్పే పని ఇంగ్లండ్‌లో జైలు ఖైదీల చేత చేయించేవారు, గోళ్ళు ఊడేవట.

మీ ఊరి సంగతి నువ్వే రాయాలి. కోరంగి గురించి ఎవరూ ఎత్తకపోవడం నాకే ఆశ్చర్యంగా ఉంది.

కొయ్యఓడల_కిట్టయ్య
కోరంగికి ముందు నాదొక్కటి. ట్రింకోమలీ కథలో అసలు మలుపు ఎవరూ చెప్పలేదు.

ఈ ఓడ నక్షాలను ఇంగ్లండ్ నుంచి బొంబాయికి 1812 చివర్లో జావా అనే ఫ్రిగేటులో పంపారు. అదే ఓడలో బొంబాయిలో కడుతున్న ఓడల కోసం రాగి రేకులు, బొంబాయికి సైన్యాధిపతిగా వస్తున్న జనరల్ థామస్ హిస్లాప్ కూడా ఉన్నారు. డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికన్ ఫ్రిగేటు కాన్‌స్టిట్యూషన్ ఎదురుపడింది. మూడు గంటలకు పైగా కొట్టుకున్నాయి. జావా కెప్టెన్ లాంబర్ట్‌కి ప్రాణం మీదికొచ్చే దెబ్బ తగిలింది, తర్వాత పోయాడు. మూడు స్తంభాలూ కూలిపోయాక జావా లొంగిపోయింది. లాక్కుపోవడానికి కూడా పనికిరాదని అమెరికన్లు దానికి నిప్పు పెట్టేశారు. నక్షాలు దాంతోపాటే పోయాయి.

కాన్‌స్టిట్యూషన్ చుక్కాని చక్రం ఆ యుద్ధంలో పగిలిపోతే జావా చక్రాన్నే పీకి బిగించుకున్నారు. ఆ కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది, 1797 నాటిది. అంటే నక్షాలు కాల్చిన ఓడా ఉంది, ఆ నక్షాల మీద కట్టాల్సిన ఓడా ఉంది. మళ్ళీ నక్షాలు గీసి పంపి, అవి చేరి, డాకు ఖాళీ అయి, కీలు వేసేసరికి 1816 ఏప్రిల్. ఈలోపు నెపోలియన్ యుద్ధాలే అయిపోయాయి!

టీసైడ్_తెలుగోడు
కిట్టయ్య గారూ, ఓడంతా తిరిగి చూసినా ఈ లింకు నా బుర్రకి ఎక్కలేదు. మరి హిస్లాప్ సంగతి?

చరిత్ర_టీచరమ్మ
ఆయనకేమీ కాలేదు. ఖైదీగా పట్టుకుని మర్యాదగా వదిలేశారు. తర్వాత మద్రాసు సైన్యానికి అధిపతిగా వచ్చి, 1817లో మహిద్‌పూర్ దగ్గర మరాఠా రాజు హోల్కర్ సైన్యంతో యుద్ధం చేసింది ఈయనే. మద్రాసు సైన్యం కదా, అందులో మన తెలుగు సిపాయిలూ ఉన్నారు.

నీళ్ళంటే_భయం
నేను చదివేది ఇంటరే, కానీ మూడో ప్రశ్న నాకూ కావాలి. గాలి ఎదురుగా వస్తుంటే ఓడ ముందుకెలా పోతుంది? ఫిజిక్స్ సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

పాత_సరంగు
సిలబస్‌లో లేకపోయినా సముద్రంలో ఉంటుందమ్మా. విను.

నేరుగా గాలిలోకి ఏ తెరచాప ఓడా పోలేదు. ట్రింకోమలీ లాంటి ఓడకి మూడు స్తంభాలు. ఒక్కో స్తంభానికి కింద నుంచి పైకి అడ్డకొయ్యలు, వాటికి చదరపు చాపలు వేలాడతాయి. అలాంటి ఓడ గాలి వచ్చే దిక్కుకి సుమారు అరవై ఏడు డిగ్రీల పక్కగా మాత్రమే వెళ్ళగలదు. ఉత్తరం నుంచి గాలి వస్తోంది, నువ్వు ఉత్తరానికే పోవాలనుకో. కాసేపు తూర్పు ఈశాన్యంగా, కాసేపు పడమర వాయవ్యంగా, అలా ఇటూ అటూ కోసుకుంటూ పోవాలి. రోజంతా కష్టపడితే ఉత్తరానికి కొద్ది మైళ్ళు దక్కుతాయి. కెరటాలు పక్కకి నెట్టేస్తే అదీ దక్కదు.

అసలు విద్య ఆ మలుపు దగ్గర ఉంది. ముందు ఓడకి మంచి వేగం తెచ్చుకోవాలి. అందరూ తమ తమ తాళ్ళ దగ్గర నిలబడతారు. చుక్కాని నెమ్మదిగా తిప్పుతారు. ముక్కు దగ్గరి త్రికోణపు చాపల తాళ్ళు వదిలేస్తారు, వెనక చాపను గాలి వైపుకి లాగుతారు. దాంతో తోక గాలికి నెట్టబడి, ముక్కు గాలిలోకి తిరుగుతుంది. చాపలన్నీ టపటపా కొట్టుకోవడం మొదలెడతాయి. సరిగ్గా ముక్కు గాలికి ఎదురుగా వచ్చే ముందు, అధికారి కేకకి నడిమి స్తంభం, వెనక స్తంభం అడ్డకొయ్యలన్నీ ఒక్కసారి అటు నుంచి ఇటు తిప్పేస్తారు. ముందు స్తంభం చాపల్ని మాత్రం అలాగే ఉంచుతారు. వాటికి గాలి ఎదురు తగిలి ముక్కును రెండో పక్కకి తోస్తుంది. ముక్కు దాటింది అనుకున్నాక రెండో కేక, అప్పుడు ముందు కొయ్యలూ తిరుగుతాయి. ఓడ మళ్ళీ వేగం అందుకుంటుంది.

కేక ఒక్క క్షణం ముందు పడినా, వెనక పడినా, ఓడ నడి మలుపులో ఆగిపోతుంది. ఇటూ పోదు, అటూ పోదు, ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఆగిపోయిన లారీలా వెనక్కి జారడం మొదలెడుతుంది. పక్కన రాళ్ళున్నాయా, అంతే సంగతులు. అందుకే గాలి మరీ ఎక్కువున్నా, మరీ తక్కువున్నా ఆ మలుపు జోలికి పోరు. గాలికి వీపు చూపించి చుట్టు తిరిగి వస్తారు. అందులో రిస్కు తక్కువ, కానీ సంపాదించిన దూరంలో కొంత పోగొట్టుకోవాలి.

నీళ్ళంటే_భయం
సూపర్ సార్. పైకి ఎక్కేవాళ్ళు దేన్ని పట్టుకునేవాళ్ళు? బెల్టులుంటాయా?

పాత_సరంగు
బెల్టా! అడ్డకొయ్య కింద ఒక తాడు వేలాడుతుంది, దాని మీద పాదాలు. కొయ్య మీద పొట్ట ఆనించి ముందుకి వంగి, రెండు చేతులతో చాప గుడ్డను లాగి మడవాలి. తడిసిన గుడ్డ, పలకలా బిగుసుకుని ఉంటుంది. రాత్రి, వాన, ఓడ ఇటూ అటూ ఊగుతుంటుంది. కింద డెక్కు మీద ఒక అడుగు ఊగితే పైన ఎన్ని అడుగులు ఊగుతుందో నువ్వే లెక్క వేసుకో, ఇది మాత్రం మీ సిలబస్‌లోనే ఉంటుంది.

తిండిపోతు_తాతయ్య
అవన్నీ సరే, ఏం తినేవాళ్ళు నాయనా?

కొయ్యఓడల_కిట్టయ్య
తాతయ్య గారూ, మీరు ఓడెక్కరు, గ్యారంటీ. రాయిలాంటి గట్టి బిస్కెట్, పీపాల్లో ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం, పంది మాంసం, బఠాణీలు. బిస్కెట్‌ని బల్ల మీద తడితే పురుగులు బయటికొచ్చేవి. 1795 నుంచి నేవీలో నిమ్మరసం ఇవ్వడం మొదలయ్యాక స్కర్వీ జబ్బు తగ్గింది. నీళ్ళు చెక్క పీపాల్లో నెలల తరబడి ఉండి పాచి కంపు కొట్టేవి. 1815 ప్రాంతంలో ఇనుప ట్యాంకులు వచ్చాక కొంచెం నయం. రోజూ రమ్ములో నీళ్ళు కలిపి ఇచ్చేవారు, బహుశా అందుకే మిగతావన్నీ భరించారు.

పడుకోవడానికి ఒక్కొక్కరికి పద్నాలుగు అంగుళాల వెడల్పు. ఉయ్యాల మంచాలు వరసగా కడతారు. సగం మంది డ్యూటీలో ఉంటారు కాబట్టి నిజానికి ఇరవై ఎనిమిది దక్కుతుంది. రేవులో ఉన్నప్పుడు అందరూ ఒకేసారి పడుకుంటే మాత్రం పక్కవాడి గురక మీ చెవిలోనే.

మన లస్కర్లు, అంటే భారతీయ నావికులు, నడిపే వ్యాపార ఓడల్లో తిండి వేరు. బియ్యం, పప్పు, నెయ్యి, ఎండుచేప. తాతయ్య గారు అందులో ఎక్కొచ్చు.

తిండిపోతు_తాతయ్య
ఎండుచేప అన్నావు, టికెట్ బుక్ చెయ్.

అనుమానాల_అప్పారావు
లస్కర్ల మాట వచ్చింది కాబట్టి అసలు పాయింటుకి వస్తా. ఇంత బాగా కట్టేవాళ్ళం కదా, మరి ఆ పని ఏమైంది? తెల్లవాళ్ళు చట్టాలు చేసి కావాలనే చంపేశారు. దీనికి సాక్ష్యం కూడా కావాలా?

చరిత్ర_టీచరమ్మ
సగం ఒప్పుకుంటాను, సగానికి ఒప్పుకోను.

ఒప్పుకునే సగం. యుద్ధం నడిచినన్నాళ్ళూ బ్రిటిష్ నావికుల్ని నేవీ ఎత్తుకుపోతుంటే, వ్యాపార ఓడల్ని లండన్ దాకా తోలింది లస్కర్లే. యుద్ధం అయిపోగానే బ్రిటిష్ ఓడల్లో నాలుగింట మూడు వంతుల మంది బ్రిటిష్ నావికులే ఉండాలన్న పాత నిబంధన మళ్ళీ గట్టిగా పట్టుకున్నారు. లస్కరు బ్రిటిష్ రాజు పాలనలో పుట్టినా బ్రిటిష్ నావికుడి లెక్కలోకి రాడని తేల్చారు. 1823 చట్టంలో అది ఇంకా స్పష్టంగా రాశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య! లండన్ థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టేవాళ్ళు కలకత్తా ఓడల మీద పార్లమెంటుకి మొర పెట్టుకున్న మాటా నిజమే.

ఒప్పుకోని సగం. అదే ప్రభుత్వం అవే రోజుల్లో బొంబాయిలో యుద్ధనౌకలు కట్టిస్తూనే ఉంది. ఎనభై ఫిరంగుల మియానీని 1848లో దింపారు. దెబ్బ కొట్టింది ముఖ్యంగా ఆవిరి, ఇనుము. ఇనుప ఓడకి కావలసింది బొగ్గు, ఉక్కు మిల్లు, ఇంజను వర్క్‌షాపు. టేకు అడవి ఎంత ఉన్నా అక్కడ లాభం లేదు. ఆ వర్క్‌షాపులు ఇక్కడ పెట్టలేదన్నది మీ వాదనకి బలమైన పాయింటు, దాన్ని వాడుకోండి. చట్టం ఒక్కటే చంపిందంటే మాత్రం లెక్క సరిపోదు.

అనుమానాల_అప్పారావు
మేడమ్ నా వాదన నాకంటే బాగా చేశారు. అయినా నా మాట నాదే.

తాళ్ళరేవు_తమ్ముడు
కోరంగి గురించి రాయమన్నారు కదండి సరంగు గారూ.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట మా కోరంగి. ఇప్పుడు చూసేదానికి మడ అడవి, బోటు షికారు, సెల్ఫీలు. ఆ రోజుల్లో కలకత్తాకీ శ్రీలంకలోని ట్రింకోమలీ రేవుకీ మధ్య ఈ తీరంలో పెద్ద ఓడను రిపేరుకి ఎక్కించే చోటు ఇదొక్కటేనంట. రాతి డాకులు కావండి. ఏటి గట్టున బురదలో గొయ్యి తవ్వుతారు, పోటు మీద ఓడను లోపలికి తెస్తారు, మూతికి కట్ట వేస్తారు, నీళ్ళు తోడేస్తారు. పని అయ్యాక కట్ట తెంపి మళ్ళీ పోటు మీద బయటికి. తాళ్ళరేవులో ఓడలు కట్టేవారు కూడా, రెండు స్తంభాల బ్రిగ్గులు, దోనెలు. బర్మా కూలీ పనికి ఇక్కడి నుంచి ఓడలెక్కినవాళ్ళు ఎంతమందో, అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారు. మా తాతల వైపు రంగూన్ కబుర్లు ఇంకా చెప్పుకుంటారండి.

ఇసుక మేట వేసి ఏటి మొగ మూసుకుపోయింది, దానికితోడు ఉప్పెనలు. వ్యాపారం కాకినాడకి పోయింది.

అనుమానాల_అప్పారావు
1839 నవంబరు 25 తుఫానులో కోరంగిలో మూడు లక్షల మంది పోయారని, ఇరవై వేల ఓడలు మునిగాయని ఇంటర్నెట్ నిండా ఉంది. ఈసారి నేనే అంటున్నా, ఇరవై వేల ఓడలు ఆ ఏటిలో పడతాయా?

చరిత్ర_టీచరమ్మ
అప్పారావు గారూ, భేష్. పడవల్నీ, తెప్పల్నీ అన్నీ కలిపినా నమ్మడం కష్టం. మూడు లక్షలన్నది ఆ కాలంలో కోరంగి చుట్టుపక్కల గ్రామాలన్నీ కలిపినా ఎక్కువే అనిపిస్తుంది. ఒకరు రాసిన అంకెను ఇంకొకరు ఎత్తి రాస్తూ పోయారు. తుఫాను వచ్చింది నిజం, ఉప్పెన నిజం, ఊరు మళ్ళీ కోలుకోలేదన్నదీ నిజం.

1789 డిసెంబరులో అంతకుముందు ఒక ఉప్పెన వచ్చింది. మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి రేవును తుడిచేశాయి. కలకత్తాలో ఉండి తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ ఆ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. సైక్లోన్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

పాత_సరంగు
ఈ తీరం తెరచాప ఓడలకి ఎందుకంత గండమో ఒక మాట. బొంబాయిలా సహజమైన చాటు రేవు ఆ రోజుల్లో మనకి లేదు. మద్రాసులో అయితే ఓడలు తీరానికి దూరంగా బహిరంగ సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడేవి. మనుషులూ సరుకూ ఒడ్డుకి చేరాలంటే మసూలా పడవలే గతి. ఆ పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుడతారు. అలల్లో నేల తాకినప్పుడు మేకులు కొట్టిన ఇంగ్లీషు పడవ పగులుతుంది, ఇది ఒంగి తట్టుకుంటుంది. గవర్నరు అయినా సరే, తడవకుండా మద్రాసులో దిగినవాడు లేడు.

తుఫాను ఒడ్డు వైపు తోస్తున్నప్పుడు లంగరు తెగితే ఇందాక చెప్పిన మలుపు విద్య పనికిరాదు, తిరగడానికి జాగా ఉండదు. అందుకని బేరోమీటరు పడిపోతుంటే కోట జెండా కొయ్య మీద సిగ్నల్ ఎగరేసేవారు, ఓడలు లంగరు ఎత్తి, టైము లేకపోతే తాడు నరికేసి, లోపలి సముద్రానికి పారిపోయేవి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా తెలివైన కెప్టెన్ ఈ తీరంలో ఆగేవాడే కాదు.

టీసైడ్_తెలుగోడు
చర్చ ఎక్కడికో వెళ్ళింది, బాగుంది. ట్రింకోమలీ తర్వాతి కథ నేను చూసినంతవరకు రాస్తా.

1819లో ఇంగ్లండ్ చేరింది. దారిలో సెయింట్ హెలెనాలో ఆగింది, అప్పటికి నెపోలియన్ అక్కడే బందీగా ఉన్నాడు. చేరాక ఏముంది, యుద్ధాలు లేవు. స్తంభాలు పీకేసి, పైన కప్పు వేసి పక్కన పెట్టారు. పాతికేళ్ళు అలాగే! 1845లో దించి, ఫిరంగులు తగ్గించి పెద్దవి పెట్టి, తోక భాగం మార్చి, చిన్న తరగతి ఓడగా చేశారు. 1847 నుంచి వెస్టిండీస్ వైపు, 1852 నుంచి అయిదేళ్ళు పసిఫిక్‌లో తిరిగింది. ఆ తర్వాత ట్రైనింగ్ ఓడ. 1897లో తుక్కుకి అమ్మేశారు. అదే ఏడు బ్లాక్‌పూల్ దగ్గర ఫౌడ్రాయంట్ అనే పాత ఓడ ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది. దాని యజమాని వీట్లీ కాబ్ దీన్ని కొని, పోయిన ఓడ పేరే దీనికి పెట్టి, కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇప్పించాడు. అలా దాదాపు తొంభై ఏళ్ళు మారుపేరుతో బతికింది. 1987లో హార్టిల్‌పూల్ తెచ్చారు, 1992లో సొంత పేరు మళ్ళీ పెట్టారు. రిపేరు పని 2001 దాకా సాగింది. ఒళ్ళంతా చాలావరకు ఆ బొంబాయి టేకే.

డెక్కు కిందికి దిగితే తల వంచుకునే నడవాలి. పద్దెనిమిది పౌన్ల ఫిరంగి ఒక్కోటి రెండు టన్నులు. దూలాల మీద బాడిసె దెబ్బల గుర్తులు అక్కడక్కడా ఇంకా తెలుస్తాయి.

కొయ్యఓడల_కిట్టయ్య
దీని ఓడరేవు తోబుట్టువు వెల్లెస్లీ గతి వినండి. 1815 బొంబాయి టేకే. ట్రైనింగ్ ఓడగా థేమ్స్ నదిలో ఉండగా 1940లో జర్మన్ విమానాలు బాంబులేసి ముంచేశాయి. నెపోలియన్ కాలం నాటి చెక్క యుద్ధనౌక విమానం చేతిలో పోయింది! తర్వాత పైకి తీసి విప్పేశారు, ఆ కలప కొంత లండన్ కోర్టు భవనాల రిపేరుకి వాడారు.

సరే, నా స్వార్థం ఒకటి. ట్రింకోమలీ మోడల్ మొదలుపెట్టాను, 1:64 స్కేలు. 1817 నాటి రూపమే చేస్తున్నా, తర్వాత మార్చిన తోక వద్దు. సరంగు గారూ, స్తంభం పక్క తాళ్ళ నిచ్చెన ఉంటుంది కదా, దాని మెట్ల మధ్య ఎంత ఎడం పెట్టాలి? ముడి ఏది వేయాలి? జిగురు పెట్టి అతికిస్తే మీరు ఊరుకోరని తెలుసు.

పాత_సరంగు
జిగురు మాట ఎత్తితే ఈ ఫోరం నుంచి నిన్ను బ్లాక్ చేయిస్తా.

అసలు ఓడ మీద మెట్టుకీ మెట్టుకీ సుమారు పదిహేను అంగుళాలు. నీ స్కేలులో ఆరు మిల్లీమీటర్లు. ఒక కాగితం మీద ఆరేసి మిల్లీమీటర్లకి గీతలు గీసి వెనక పెట్టుకో, కన్ను మోసపోదు. మధ్య తాళ్ళన్నిటికీ క్లోవ్ హిచ్. అటూ ఇటూ చివరి తాళ్ళకి మాత్రం క్లోవ్ హిచ్ కాదు, మెట్టు తాడు కొసకి చిన్న కన్ను వేసి, సన్నదారంతో చుట్టి కట్టాలి. కింద నుంచి పైకి కట్టుకుంటూ రా. మరీ బిగించకు, బిగిస్తే నిలువు తాళ్ళు లోపలికి లాక్కుపోయి నడుం సన్నబడుతుంది. నాలుగు మెట్లు అయ్యాక ఫోటో పెట్టు, చూసి చెబుతా.

తాళ్ళరేవు_తమ్ముడు
కిట్టయ్య గారూ, టేకు చెక్కలు కావాలంటే చెప్పండి. మా బోట్ల యార్డులో చిన్న ముక్కలు బోలెడు మిగిలిపోతాయండి. పార్సిల్ ఖర్చు మాత్రం మీదే.

కొయ్యఓడల_కిట్టయ్య
తమ్ముడూ, మెసేజ్ పెట్టాను చూడు. పలకలకి 2 మిల్లీమీటర్ల మందం చాలు, కీలుకి మాత్రం ఒక పొడుగు ముక్క కావాలి, కణుపు లేనిది.